తీరని బాకీల చరిత్ర: అమెరికా పాత నోట్ల సింహావలోకనం

బాకీ తీరిన ప్రోనోటును అక్కడికక్కడే చించేస్తారు. తీరనిది ఇనప్పెట్టెలో తరాల తరబడి పడి ఉంటుంది. అమెరికా పాత నోట్లు, బాండ్లు, షేరు సర్టిఫికెట్లు పోగుచేసేవాళ్ళ లోకం నడిచేది ఈ సూత్రం మీదే. అడగ్గానే వెండి నాణేలు లెక్కపెట్టి ఇచ్చిన బ్యాంకు నోట్లు తిరిగి ఆ బ్యాంకుకే చేరి బూడిదయ్యాయి. బోర్డు తిప్పేసిన బ్యాంకు నోట్లు జనం చేతుల్లో చిక్కుకుపోయాయి. దాంతో దివాలా తీసిన బ్యాంకు నోటు ఇవాళ చాలాసార్లు చవగ్గా దొరుకుతుంది, మర్యాదగా నడిచిన బ్యాంకు నోటు కోసం ఏళ్ళకేళ్ళు వెతకాల్సి వస్తుంది. మూడు వందల ముప్పై ఏళ్ళ అమెరికా కాగితపు డబ్బు చరిత్రను ఈ కోణంలో చూస్తే, ఏ కాగితం ఎందుకు మిగిలిందో, ఏది ఎందుకు మాయమైందో తెలిసిపోతుంది.

సిపాయిల జీతాలతో మొదలు

1690లో మసాచుసెట్స్ వలస రాజ్యం విలియం ఫిప్స్ నాయకత్వంలో ఫ్రెంచివారి క్యుబెక్ మీదికి దండు పంపింది. కోట చిక్కలేదు. కొల్లసొమ్ముతో జీతాలు ఇద్దామనుకున్న సిపాయిలు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఖజానా ఖాళీ. ఆ డిసెంబరులో అక్కడి శాసనసభ 7,000 పౌండ్ల విలువకు కాగితాలు అచ్చువేసి పంచింది. వీటిని పన్నుల కింద జమ చేసుకుంటామన్నది ప్రభుత్వం ఇచ్చిన మాట. ఇంగ్లండు వలసల్లో ఒక ప్రభుత్వం కాగితపు డబ్బు వెలువరించడం అదే మొదలు. యుద్ధం, ఖాళీ ఖజానా, అచ్చుయంత్రం. ఈ మూడూ కలిసి రావడం అమెరికా చరిత్రలో ఆ తర్వాత చాలాసార్లు చూస్తాం.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1729లో, ఇరవై మూడేళ్ళ వయసులో, కాగితపు డబ్బు అవసరం గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. పెన్సిల్వేనియాలో నోట్ల ముద్రణ పని ఆయనకే దక్కింది. దొంగనోట్లను అడ్డుకోవడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం ఇప్పటికీ అబ్బురం. నిజమైన చెట్టు ఆకు అచ్చును లోహంలోకి పోతపోసి నోటు వెనక వైపు ముద్రించేవాడు. భూతద్దం పెట్టి చూస్తే పెద్ద ఈనె నుంచి చిన్న ఈనె, దాని నుంచి వెంట్రుకంత ఈనె చీలుతూ పోతాయి. ఒకచోట లావు, మరోచోట సన్నం. ఏ చెక్కుడు పనివాడి చెయ్యీ అంత సహజమైన క్రమరాహిత్యాన్ని తేలేదు. ఆ కిటుకును ఫ్రాంక్లిన్ రహస్యంగానే ఉంచుకున్నాడు. చాలా వలస రాజ్యాల నోట్ల మీద 'నకిలీ చేస్తే మరణమే' అన్న హెచ్చరిక కూడా ఉండేది. అయినా దొంగనోట్లు ఆగలేదు.

స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. పన్నులు వేసే అధికారం లేని కాంగ్రెసు 1775 మే 10 తేదీతో 'కాంటినెంటల్' నోట్లు విడుదల చేసింది. స్పానిష్ వెండి డాలర్లు ఇస్తామన్నది వాటి మీది హామీ. 1779 కల్లా దాదాపు 24 కోట్ల డాలర్ల విలువైన నోట్లు దేశంలోకి వచ్చిపడ్డాయి. ప్రతి నోటుకూ చేత్తో అంకె వేసి సంతకం చేయాల్సిందే. ఇంకోవైపు, బ్రిటిష్ వారి చేతిలో ఉన్న న్యూయార్క్‌లో 1777లో పత్రికా ప్రకటనే వచ్చింది: ఇతర రాష్ట్రాలకు వెళ్ళేవారికి కాంగ్రెసు నోట్ల నకిలీలు ఎన్ని కావాలంటే అన్ని ఇస్తాం, కాగితం ఖర్చు ఇస్తే చాలు అని. శత్రువు డబ్బును పాడుచేయడం కూడా యుద్ధమేనని ఇంత బాహాటంగా చెప్పిన సందర్భాలు తక్కువ. చివరికి 1790లో కొత్త ప్రభుత్వం ఆ నోట్లను నూటికి ఒకటి చొప్పున బాండ్ల కింద మార్చుకుంది. ఆ కాస్త కోసం తిరగడమెందుకని చాలామంది అట్టే పెట్టుకున్నారు. పూర్తిగా తీరని ఆ బాకీ పుణ్యమే, 250 ఏళ్ళ నాటి నోటు ఇవాళ మధ్యతరగతి సేకర్తకు కూడా అందుబాటులో ఉంది.

ఆ కాలపు కాగితాల్లో సంతకాలకు వేరే విలువ ఉంది. న్యూజెర్సీ 1776 మార్చి 25 నాటి నోట్ల మీద సంతకం చేసినవారిలో జాన్ హార్ట్ అనే రైతు ఉన్నాడు. కొద్ది నెలలకే ఆయన స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టాడు. ఆ ప్రకటన మీద సంతకం చేసినవారి చేవ్రాలు ఒక్కటైనా ఇంట్లో ఉండాలనుకునేవారికి హార్ట్ నోటు దగ్గరి దారి.

యుద్ధానికి డబ్బు సమకూర్చిన రాబర్ట్ మోరిస్‌ది ఇంకో కథ. 1795లో ఆయన భాగస్వాములతో కలిసి నార్త్ అమెరికన్ ల్యాండ్ కంపెనీ పెట్టి లక్షల ఎకరాల అడవి నేలను షేర్లుగా అమ్మజూశాడు. కొనేవాళ్ళు లేక అప్పుల్లో కూరుకుపోయి 1798లో ఫిలడెల్ఫియాలో బాకీదారుల జైలుకు వెళ్ళాడు. జార్జి వాషింగ్టన్ అక్కడికే వెళ్ళి ఆయనతో భోంచేశాడు. మోరిస్ సంతకం ఉన్న ఆ కంపెనీ షేరు సర్టిఫికెట్లు ఇవాళ పాత ఆర్థిక పత్రాల సేకరణలో ముందు వరసలో ఉంటాయి. ఆయన వ్యాపారం నెగ్గి ఉంటే వాటిలో ఎన్ని మిగిలేవో!

ప్రతి బ్యాంకూ ఒక టంకసాల

1787 రాజ్యాంగం రాష్ట్రాలు నోట్లు అచ్చువేయకూడదంది. రాష్ట్రాలు అనుమతిచ్చిన బ్యాంకుల గురించి మాత్రం ఏమీ అనలేదు. ఆ సందులోంచి వందలాది బ్యాంకులు సొంత నోట్లు వదిలాయి. కొంత అదుపు చేస్తూ వచ్చిన యునైటెడ్ స్టేట్స్ బ్యాంకు కథ కూడా, పునరుద్ధరణ బిల్లును 1832లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ వీటో చేయడంతో ముగిసింది. 1836లో దాని గడువు తీరాక అడిగేవాడు లేకపోయాడు.

1837లో మిషిగన్ రాష్ట్రం ఎవరైనా బ్యాంకు పెట్టుకోవచ్చని చట్టం చేసింది. నిల్వలు చూడ్డానికి తనిఖీ అధికారులు బయల్దేరితే, ఒకే నాణేల పెట్టెలు వాళ్ళకంటే ముందే రాత్రికి రాత్రి ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు బండి మీద చేరేవి. కొన్ని పెట్టెల్లో పైపొర మాత్రమే వెండి, కింద అంతా మేకులు. నోటు మార్చుకోవడానికి జనం రాకుండా అడవుల్లో, బురదదారుల్లో బ్యాంకులు వెలిశాయి. బ్యాంకుకు దూరమయ్యేకొద్దీ నోటు విలువ తగ్గేది. దుకాణదారు ఏ నోటుకు ఎంత తగ్గించాలో, ఏది నకిలీయో తెలుసుకోవడానికి గల్లాపెట్టె పక్కన ఒక పత్రిక ఉంచుకునేవాడు. న్యూయార్క్‌లో జాన్ థాంప్సన్ నడిపినది అలాంటి వాటిలో పేరుమోసింది. ఆ థాంప్సనే తర్వాత 1877లో ఛేజ్ నేషనల్ బ్యాంకు పెట్టాడు.

మోసగాళ్ళ పనితనానికీ హద్దు లేదు. చితికిపోయిన బ్యాంకు నోటు మీద పేరు గీకేసి మంచి బ్యాంకు పేరు అచ్చువేయడం ఒక పద్ధతి. ఒక డాలరును పదిగా దిద్దడం ఇంకొకటి. అలా దిద్దిన నోట్లను ప్రత్యేకంగా సేకరించేవాళ్ళున్నారు. దొంగకు అడ్డుకట్ట వేయడానికి అచ్చుకళ పదునెక్కింది. జేకబ్ పర్కిన్స్ ఉక్కు రేకుల మీద చెక్కి, ఆ బొమ్మను మెత్తని ఉక్కు రోలర్ మీదికి ఎత్తి, ఎన్ని పలకలకైనా దించే పద్ధతిని నిలబెట్టాడు. 1819లో లండన్ వెళ్ళిన ఆయన సంస్థే 1840లో ప్రపంచపు తొలి తపాలా బిళ్ళను అచ్చువేసింది. అమెరికాలో 1858లో ఏడు ముద్రణ సంస్థలు కలిసి అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ అయ్యాయి.

ఈ నోట్ల మీది బొమ్మలే ఆ దేశపు తొలి బొమ్మల పుస్తకం. రైలింజన్లు, తిమింగిలాల వేట, కమ్మరి కొలిమి, పాలు పితికే పిల్ల, పొగగొట్టం దగ్గర క్రిస్మస్ తాత కూడా. దక్షిణాది నోట్ల మీద పత్తి ఏరే నల్లజాతి బానిసలు, తరచు నవ్వుమొహాలతో. ఏ పంట కష్టం మీద బ్యాంకు నిలబడిందో దాన్నే నోటు మీద అందంగా చెక్కించుకున్నారు. దక్షిణ కరొలైనా చిత్రకారుడు జాన్ డబ్ల్యు. జోన్స్ ఈ చిన్న బొమ్మలను పెద్ద రంగుల చిత్రాలుగా వేసి, నోట్ల పక్కనే ప్రదర్శించాడు. జేబులో పట్టే బొమ్మను గోడంత చేసి చూపిస్తే అప్పుడు తెలిసింది అది ఏం దాచిందో.

మిగులు సూత్రానికి ఇక్కడ మంచి సాక్ష్యం ఉంది. న్యూ ఆర్లీన్స్‌లోని కెనాల్ బ్యాంకు నోట్లు సంతకం పడకుండానే తావులు తావులుగా మిగిలిపోయాయి. ఇవాళ అవి అందరికీ దొరుకుతాయి. బ్యాంకు సంతకం చేసి వదిలి, మళ్ళీ మార్చుకున్నవి మాత్రం అపురూపం. ఇంకో సంగతి: యునైటెడ్ స్టేట్స్ బ్యాంకు పేరుతో 1,000 డాలర్ల నోటు, అంకె 8894, ఎవరి చేతిలోనైనా కనిపిస్తే సంబరపడనక్కర్లేదు. పసుపు పచ్చని పెళుసు కాగితం మీద లెక్కలేనన్ని అచ్చయిన జ్ఞాపిక అది. ఆ నాలుగంకెలు చూడగానే అనుభవజ్ఞులు నోటు తిరిగిచ్చేస్తారు.

రెండు సైన్యాలు, రెండు డబ్బులు

1861లో అంతర్యుద్ధం రాగానే వాషింగ్టన్ ప్రభుత్వం అడగ్గానే నాణెం ఇస్తామంటూ ఆరు కోట్ల డాలర్ల 'డిమాండ్' నోట్లు తెచ్చింది. వెనక ఆకుపచ్చ రంగు. ఖజానా అధికారులిద్దరు అన్ని నోట్ల మీదా సంతకం చేయలేరు కాబట్టి గుమస్తాలను పెట్టారు. ఆ గుమస్తాలు సొంత పేరు రాసి, పక్కన 'తరఫున' అని అర్థం వచ్చే రెండు ముక్కలు చేత్తో రాయాల్సి వచ్చేది. రోజుకు వేల నోట్లు. కొద్దిరోజులకే ఆ ముక్కలను పలకలోనే చెక్కించేశారు. అందుకని ఆ రెండు పొట్టి మాటలు సిరాతో రాసి ఉన్న నోటుకూ, అచ్చయి ఉన్న నోటుకూ ఇవాళ ధరలో చాలా తేడా. విసిగిపోయిన గుమస్తా చేతిరాత అరుదైన వస్తువైంది.

1862లో నాణెం హామీ లేకుండానే చెల్లే నోట్లు వచ్చాయి. ఒక డాలరు మీద ఆర్థికమంత్రి సాల్మన్ చేజ్ సొంత బొమ్మ వేయించుకున్నాడు. ఆయనే ప్రధాన న్యాయమూర్తి అయ్యాక 1870లో, తాను మంత్రిగా తెచ్చిన ఆ నోట్లు పాత అప్పులకు చెల్లవని తీర్పు రాశాడు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగేసింది. చిల్లర మాయమై తపాలా బిళ్ళలు చేతులు మారుతున్న ఆ రోజుల్లో 3 సెంట్ల నుంచి 50 సెంట్ల దాకా బుల్లి నోట్లు కూడా వచ్చాయి. వాటిలో 5 సెంట్ల నోటు మీద ముద్రణ విభాగం అధిపతి స్పెన్సర్ క్లార్క్ తన మొహమే వేయించుకున్నాడు. కాంగ్రెసుకు కోపమొచ్చి, బతికున్నవారి బొమ్మలు నోట్ల మీద ఉండకూడదని 1866లో చట్టం చేసింది.

విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి కాన్ఫెడరసీ. దాని తొలి నోట్లు అచ్చయింది ఎక్కడో తెలుసా? శత్రువు ఊరైన న్యూయార్క్‌లో. నేషనల్ బ్యాంక్ నోట్ కంపెనీ వాటిని చెక్కి ఇచ్చింది. 1,000 డాలర్ల నోట్లు 607 మాత్రమే. యుద్ధం ముదిరాక దక్షిణాది వాళ్ళకు మంచి ఉక్కు పలకలు, కాగితం, పనివాళ్ళు అన్నీ కరువే. చవకబారు రాతి అచ్చుతో బండ్ల కొద్దీ నోట్లు తీశారు. సంతకాలకు ఖజానాలో ఆడవాళ్ళను గుమస్తాలుగా తీసుకున్నారు. యుద్ధంలో కుటుంబపెద్దను పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళలో ఎందరో. నోటు మీది హామీ మాత్రం వింతైనది: అమెరికాతో శాంతి ఒప్పందం కుదిరిన రెండేళ్ళకు డబ్బు ఇస్తాం అని. అంటే యుద్ధం గెలిస్తేనే.

ఫిలడెల్ఫియాలో శామ్యూల్ అఫమ్ అనే దుకాణదారు 1862 నుంచి ఈ నోట్ల నమూనాలను సెంట్ల లెక్కన అమ్మాడు. అంచున తన పేరు, చిరునామా అచ్చువేసేవాడు. కొన్నవాళ్ళు ఆ అంచు కత్తిరించి దక్షిణాదిలో చెలామణీ చేసేవాళ్ళు. అంచు కత్తిరించని అఫమ్ నోటుకు ఇవాళ మంచి గిరాకీ. 1868లో పద్నాలుగో రాజ్యాంగ సవరణ కాన్ఫెడరసీ అప్పులన్నీ చెల్లవని తేల్చేసింది. ఎప్పటికీ తీరని బాకీ కావడంతో ట్రంకుపెట్టెల నిండా నోట్లు మిగిలాయి. 1864 ఫిబ్రవరి 17 తేదీ వేసినవి ఇప్పటికీ కొల్లలు.

పెద్ద నోట్ల బంగారు కాలం

1863 నుంచి జాతీయ బ్యాంకుల విధానం వచ్చింది. రాష్ట్ర బ్యాంకుల నోట్ల మీద పది శాతం పన్ను వేసి వాటిని చంపేశారు. 1935 దాకా 12 వేలకు పైగా జాతీయ బ్యాంకులు ప్రభుత్వ బాండ్ల పూచీ మీద, తమ ఊరి పేరుతో నోట్లు విడుదల చేశాయి. తాతగారి ఊరి బ్యాంకు నోటు కోసం వెతికే అమెరికన్లకు అంతులేదు. కానీ ఇవి మాట తప్పని నోట్లు. నలిగినవన్నీ వాషింగ్టన్ చేరి యంత్రాల్లో గుజ్జయ్యాయి. కొన్ని బ్యాంకుల నోటు ఒక్కటి కూడా ఇప్పటికి కంటపడలేదు. ఆ గుజ్జుతో అప్పట్లో టోపీలు, కట్టడాల నమూనాలు పోతపోసి యాత్రికులకు అమ్మేవారు. ఇప్పుడు వాటినీ సేకరిస్తున్నారు.

ఆ కాలపు నోట్లలో సంతకాలూ చరిత్రే. బానిసగా పుట్టిన బ్లాంచ్ బ్రూస్ 1881లో ఖజానా రిజిస్ట్రారు అయ్యాడు. డాలరు మీద సంతకం అచ్చయిన తొలి నల్లజాతి వ్యక్తి ఆయనే. 1886లో మార్తా వాషింగ్టన్ ఒక డాలరు వెండి సర్టిఫికెట్ (వెండి ఇస్తామన్న హామీ ఉన్న నోటు) మీదికి వచ్చింది. 1896లో పేరున్న చిత్రకారుల చేత బొమ్మలు వేయించి 1, 2, 5 డాలర్ల నోట్లు తెచ్చారు. అయిదు డాలర్ల నోటు మీద విద్యుత్తును దేవతగా చూపించారు. ఆమె ఛాతీ మీద వస్త్రం లేదని గొడవైంది. అమెరికా నోట్లలో ఇంతకంటే అందమైనది లేదని చాలామంది సేకర్తల మాట.

1899 అయిదు డాలర్ల నోటు మీద లకోటా నాయకుడు రన్నింగ్ యాంటిలోప్ ఉన్నాడు. ఆయన తెగ ఈకల కిరీటం పొడుగు నోటులో ఇమడదని, తలకు పానీ తెగ అలంకారం తొడిగి చెక్కారు. గౌరవించబోయి అవమానించినట్టయింది.

1890లో వెండి కొనుగోలు కోసం తెచ్చిన ఖజానా నోట్లలో వెయ్యి డాలర్లదానికి వెనక వైపు సున్నాలు పుచ్చకాయల్లా ఉంటాయి. ఆ పేరుతోనే దానికి ప్రఖ్యాతి. అంత పెద్ద మొత్తాన్ని ఎవరూ ఊరికే దాచుకోలేదు, మార్చుకున్నారు. మిగిలినవి అతి కొద్ది. వాటిలో ఒకటి 2014 జనవరిలో ఓర్లాండో వేలంలో 32 లక్షల 90 వేల డాలర్లకు పోయింది.

1929 జులైలో నోటు పరిమాణం తగ్గింది. 1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జనం దగ్గరున్న బంగారాన్ని, బంగారం హామీ ఉన్న నోట్లను వెనక్కి రప్పించాడు. ఆ నోట్లను, అంటే బంగారు సర్టిఫికెట్లను, దగ్గర పెట్టుకోవడం 1964 దాకా నేరమే. లక్ష డాలర్ల 1934 నోటు రిజర్వు బ్యాంకుల మధ్య లెక్కలకే పరిమితం, ఇప్పటికీ ఎవరి సొంతమూ కాకూడదు. 1942లో జపాన్ దండెత్తితే రద్దు చేయడానికి వీలుగా హవాయి పేరు అచ్చేసిన నోట్లు వచ్చాయి. దండయాత్ర జరగలేదు, నోట్లు మిగిలాయి.

సంతకాల వేటగాళ్ళు

నోట్లతో పాటు చెక్కులు, బాండ్లు, షేరు పత్రాలదీ పెద్ద శాఖే. రాక్‌ఫెల్లర్ చేవ్రాలున్న స్టాండర్డ్ ఆయిల్ పత్రాలు, వెల్స్, ఫార్గో ఇద్దరూ సంతకం చేసిన తొలినాటి అమెరికన్ ఎక్స్‌ప్రెస్ పత్రాలు అందరికీ కావాలి. రైల్వే బాండ్లలో ఇంజన్ బొమ్మ ఎంత బాగుంటే అంత ధర. చెల్లు వేసినప్పుడు పొడిచిన చిల్లులు సంతకం మీద పడ్డాయా, పక్కన పడ్డాయా అన్నది బేరంలో మొదటి ప్రశ్న.

కొన్ని కాగితాలు అమ్మకానికి రావు. అలాస్కాను కొన్న 72 లక్షల డాలర్ల 1868 నాటి ఖజానా చెక్కు జాతీయ దస్తావేజుల భాండాగారంలో ఉంది. అధ్యక్షుడు లింకన్ 1863లో పేరు కూడా తెలియని ఒక ఒంటికాలి నల్లజాతి మనిషికి అయిదు డాలర్ల చెక్కు రాసిచ్చాడు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే దేశం లెక్కలు, మనిషి లెక్కలు రెండూ ఒకే ఆకారపు కాగితం మీద కనిపిస్తాయి.

ఈ అభిరుచికీ తనదైన చరిత్ర ఉంది. సైనిక శాఖ గుమస్తా రఫాయెల్ థియాన్ కాన్ఫెడరేట్ నోట్లను కట్టలు కట్టలుగా పోగేసి 1880లో ఆ అప్పుల జాబితానే అచ్చువేశాడు. ఆల్బర్ట్ గ్రినెల్ సేకరణ 1944 నుంచి 1946 దాకా వేలానికి వచ్చి తర్వాతి తరానికి ఆల్బమ్‌లు నింపింది. 1953లో రాబర్ట్ ఫ్రీడ్‌బర్గ్ ఇచ్చిన వరుస సంఖ్యలే ఇప్పటికీ వ్యాపారుల నోట్లో నానుతున్నాయి. సెయింట్ లూయిస్ న్యాయవాది ఎరిక్ న్యూమన్ వలస కాలపు నోట్ల మీద 1967లో రాసిన గ్రంథం ప్రామాణికం. 106 ఏళ్ళు బతికిన ఆయన తన జీవితకాలంలోనే సేకరణను వేలానికి పెట్టాడు.

2005 ప్రాంతంలో నోట్లకు 70 మార్కుల లెక్కలో శ్రేణి ఇచ్చి ప్లాస్టిక్‌లో బిగించే సంస్థలు వచ్చాయి. కొనేవాడికి ధీమా వచ్చింది, కళ్ళతో చూసి వేళ్ళతో తెలుసుకునే విద్య మాత్రం తగ్గింది. ఉతికి ఇస్త్రీ చేసిన నోటు మొహం తళతళలాడుతుంది. వెలుతురుకు అడ్డంగా పెడితే చెరిపేసిన మడత గీత బయటపడుతుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలెవరైనా ఈ పనిలో దిగితే ముందు నేర్వాల్సింది అదే.

వెండి సర్టిఫికెట్లకు వెండి ఇవ్వడం 1968 జూన్ 24తో ఆగింది. అంతకుముందే, 1963 శ్రేణి నుంచి డాలరు నోటు మీద 'అడిగిన వెంటనే చెల్లిస్తాం' అన్న వాక్యాన్ని తీసేశారు. మన రిజర్వు బ్యాంకు నోట్ల మీద గవర్నరు మాట ఇంకా ఉంది, డాలరు మీద లేదు. 1861 నుంచి వచ్చిన ఏ ప్రభుత్వ నోటునూ అమెరికా రద్దు చేయలేదు. డిమాండ్ నోటు పట్టుకెళితే ముఖవిలువ ఈనాటికీ ఇస్తారు, కాకపోతే నాణెం బదులు ఇంకో కాగితం. అమెరికా ఆ హామీని చట్టంగా ఉంచి, కాగితం మీద చెరిపేసింది. పాత నోటు కొనేవాడు బొమ్మకూ అరుదుదనానికీ డబ్బు పెడుతున్నాననుకుంటాడు గానీ, నిజంగా కొంటున్నది ఎవరో ఒకరు రాతపూర్వకంగా ఇచ్చిన మాటను. కాబట్టి ధర అడిగే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఎవరు మాటిచ్చారు, దేని పూచీ మీద ఇచ్చారు, ఆ మాట ఏమైంది? మూడో ప్రశ్నకు జవాబు దొరికిన నోటే ఆల్బమ్‌లో పెట్టుకోదగ్గది.